ఐలాండ్ మీదే పెట్టినా, రెండు నిమిషాల్లో తీసేస్తా

2023 ఆగస్టులో హైదరాబాద్ కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటిందని పేపర్లో చూసి అందరం నోరెళ్ళబెట్టాం గానీ, ఆ లెక్కని కింద దాకా లాగి చూసినవాళ్ళు తక్కువ. ఎకరానికి 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల పైమాటే. ఒక మామూలు కారు నిలబడి, డోర్ తీసుకుని మనిషి దిగాలంటే పదిహేను గజాలన్నా కావాలి కదా, పదిహేను రెళ్ళు ముప్పై. పన్నెండు లక్షల కారుని ఈఎంఐ మీద కొన్నోడు దాన్ని ఆ రేటు నేల మీద ఆపాలంటే ముప్పై లక్షల జాగా కావాలన్నమాట. కారుకి లోన్ ఇస్తామని రోజూ ఫోన్ చేసే బ్యాంకోళ్ళు కారు కింద నేలకి లోన్ ఇస్తామని ఒక్కసారైనా చేశారా?

మరి ఇలాంటి ఊళ్ళో, ఆస్తి మీద తాకట్టుందో లేదో చూపే ఈసీ తీయక్కర్లేని, రిజిస్ట్రేషన్ అక్కర్లేని, నాలుగు ఫేసింగులూ ఉన్న కార్నర్ ప్లాట్ ఒకటి ప్రతి చౌరస్తాలో ఖాళీగా పడుంది. చుట్టూ నలుపు తెలుపు గట్టు, మధ్యలో కాస్త గడ్డి, నీళ్ళు రాని ఫౌంటెన్. దాన్ని ట్రాఫిక్ ఐలాండ్ అంటారు. నాలుగు వైపుల నుంచీ వీధిపోటే అయినా, సొంతింటికి అయితే ఒక్క వీధిపోటుకే సిద్ధాంతిని పిలిచి గేటు జరిపించే మనవాళ్ళు ఇక్కడ మాత్రం ఏ పట్టింపూ లేకుండా బండెక్కించేస్తున్నారు, దీన్ని మూఢనమ్మకాల మీద విజయంగా ఎందుకు చూడరో నాకర్థం కాదు.

ఐలాండ్ దగ్గర బండి ఆపకూడదు, పెట్టకూడదు అని వాదించే ఒక వర్గం ఉంది. వాళ్ళ వాదన కూడా వినాలి, ప్రజాస్వామ్యం కదా. 1988 మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 122 అని ఒకటుంది, పబ్లిక్ ప్లేసులో మిగతావాళ్ళకి ప్రమాదం గానీ అడ్డం గానీ అనవసరమైన ఇబ్బంది గానీ అయ్యేలా బండిని నిలిపి ఉంచకూడదంటుంది. ఇందులో మనవాళ్ళకి నచ్చిన మాట ‘అనవసరమైన’. అంటే అవసరమైన ఇబ్బంది పెట్టొచ్చు. బిర్యానీ పార్సిల్ తీసుకోవడం అవసరమా కాదా మీరే చెప్పండి.

తర్వాత సెక్షన్ 127. పది గంటలు, ఆ పైన పబ్లిక్ ప్లేసులో దిక్కు లేకుండా వదిలేసిన బండినైనా, పార్కింగ్ నిషేధం ఉన్నచోట పెట్టిన బండినైనా యూనిఫాంలో ఉన్న పోలీసు క్రేన్‌తో లేపించొచ్చు, చక్రానికి క్లాంప్ వేయించొచ్చు. నిషేధం ఉన్నచోటైతే పది గంటలు ఆగే పనే లేదు, వెంటనే లేపొచ్చు. కానీ మనోళ్ళు ఆ వాక్యంలో ‘పది గంటలు’ దాకా చదివి పుస్తకం మూసేశారు, పొద్దున తొమ్మిదింటికి పెట్టి సాయంత్రం ఆరున్నరకి తీసేస్తే చట్టానికి లోబడి ఉన్నట్టే అని వాళ్ళ లెక్క.

బోర్డుల సంగతి కూడా చూద్దాం. ఎర్ర గుండ్రంలో నీలం మీద ఒక్క అడ్డగీత ఉంటే నో పార్కింగ్. రెండు గీతలు ఇంటూ మార్కులా ఉంటే అసలు ఆగడమే కుదరదు, మనిషిని దించడానికి కూడా. మన ఊళ్ళో దీనికి స్థానిక వ్యాఖ్యానం వేరే ఉంది: ఒక్క గీత ఉంటే స్కూటీ పెట్టుకోవచ్చు, రెండు గీతలుంటే ఫ్యామిలీ తోడుండాలి. ఇక ఐలాండ్ ముక్కు మీద నీలం బోర్డు ఉంటుంది చూడండి, ఎడమ పక్కనుంచి వెళ్ళమని తెల్ల బాణం, అది నిటారుగా నిలబడున్న ఐలాండ్ ఎక్కడైనా కనిపిస్తే ఫోటో తీసి దాచుకోండి. చాలాచోట్ల అది ఏదో రాత్రి ఏదో ఎస్‌యూవీ ముందు తలొంచేసింది, ఆ బాణం ఇప్పుడు ఆకాశం వైపు చూపిస్తోంది.

రాసిన చట్టం అది. రాయని చట్టం ఇంకా కట్టుదిట్టం. మొదటిది, నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేస్తే అది పార్కింగ్ కాదు. ఆ టిక్కు టిక్కు చప్పుడు వినిపిస్తున్నంతసేపూ బండి కదులుతున్నట్టే లెక్క, మధ్యలో ఓనరు వెళ్ళి కటింగ్ చేయించుకుని వచ్చినా సరే. రెండోది, బానెట్ మీదో వెనకద్దం మీదో ఏదో ఒక స్టిక్కర్ ఉండాలి, ప్రెస్సో, పోలీసో, అడ్వకేటో, కార్పొరేటర్ గారి బామ్మర్దో. మూడోదే అసలైనది, కారులో మనిషిని వదిలి వెళ్ళడం.

దీన్ని దగ్గర నుంచి చూడాలంటే కోఠిలో ఏదైనా సాయంత్రం నిలబడండి. ఐలాండ్‌ని ఆనుకుని ఒక తెల్ల కారు ఆగి ఉంటుంది, డ్రైవర్ సీటు ఖాళీ, పక్క సీట్లో ఒక పెద్దావిడ ఒళ్ళో పండ్ల కవరు పెట్టుకుని కూచునుంటుంది. వెనక సిటీ బస్సోడు హారన్ మీద చెయ్యి తీయడు. కానిస్టేబుల్ వచ్చి అద్దం మీద కొడతాడు.

“అమ్మా, డ్రైవర్ యాడ?”

“గిప్పుడే వస్తడు బిడ్డా, మందులకు పోయిండు.”

“బండి తీయాలమ్మా, ఎంక బస్సు ఆగింది.”

“నాకు నడపరాదు కద బిడ్డా. నీకు పెండ్లైందా?”

ఈ ప్రశ్నకి చట్టంలో జవాబు లేదు. ఆ కానిస్టేబుల్ ఒక్క నిమిషం అటూ ఇటూ చూసి, ఉమ్మేసి, ముందున్న బైకోడి మీద పడతాడు, ఆ బైకోడి వెనక పెద్దావిడ లేదు, అదే వాడు చేసిన తప్పు. అందుకే ఈ మధ్య ఇళ్ళల్లో పెద్దవాళ్ళని షాపింగ్‌కి తీసుకెళ్ళడం పెరిగిందని నా అనుమానం, లోకం దాన్ని మాతృభక్తి అనుకుంటోంది.

పోలీసులు ఊరుకున్నారని అనలేం. 2022 అక్టోబర్లో రోడ్డుకి అడ్డంగా ఉన్న బండ్లనీ ఆక్రమణలనీ తీయించడానికి ఆపరేషన్ రోప్ అని మొదలుపెట్టారు, స్టాప్ లైన్ దాటితే 100, అడ్డంగా పార్క్ చేస్తే 600, ఫ్రీ లెఫ్ట్ బ్లాక్ చేస్తే 1,000 అని రేట్లు కూడా చెప్పారు. ఫ్రీ లెఫ్ట్ అంటే ఐలాండ్‌కీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉండే ఆ చిన్న సందు, రెడ్ సిగ్నల్ పడ్డా ఎడమకి పోయేవాళ్ళు పోవడానికి ఇచ్చింది. ఆ సందుని వేరు చేసేది కూడా ఆ ఐలాండే. మన దగ్గర ఆ సందులో షేర్ ఆటో ఒకటి, కొబ్బరి బోండాల బండి ఒకటి, హెల్మెట్లు తాడుకి కట్టి అమ్మేవాడు ఒకడు, వాడి దగ్గర హెల్మెట్ బేరమాడుతున్న హెల్మెట్ లేనివాడు ఒకడు, ఇంతమంది ఉంటారు కాబట్టి అందులో ఫ్రీగా ఉన్నది లెఫ్ట్ ఒక్కటే కాదు.

ఫైన్ పడిందని బాధపడేవాళ్ళకి ఒక మాట. ఈ రాష్ట్రంలో చలానాలకి డిస్కౌంట్ సీజన్లు కూడా వచ్చాయి. 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబర్ చివర్లో 80 శాతం. రెండోసారి మొదటిసారి కంటే మంచి ఆఫర్ వచ్చిందంటే తొందరపడి టైముకి కట్టినవాడు ఏమయ్యాడు? ఆషాఢం సేల్‌కి ఆగకుండా ముందే చీర కొన్న ఇల్లాలయ్యాడు. టూవీలర్ మీద వెయ్యి రూపాయల ఫైన్ పడితే ఓపిక పట్టినోడికి రెండొందలకి తెగింది, అదే ఆఫీసు దగ్గర పార్కింగోడికి రోజుకి ఇరవై ఇస్తే పదంటే పదే రోజులు. ఈ లెక్క తెలిశాక ఐలాండ్ మీద పెట్టనివాడిని అమాయకుడు అనాలా, డబ్బున్నోడు అనాలా.

మాల్స్‌లో పెట్టొచ్చు కదా అంటారు. 2018లో జీవో ఇచ్చారు నిజమే, మాల్స్‌లో మొదటి అరగంట పార్కింగ్ ఫీజు తీసుకోకూడదని. కానీ బేస్‌మెంట్ త్రీ దాకా తిరుగుతూ తిరుగుతూ దిగి, స్తంభం నంబర్ ఫోటో తీసుకుని, లిఫ్ట్ కోసం ఆగి, మళ్ళీ కిందకొచ్చి ఆ ఫోటో వెతికేసరికి అరగంట అయిపోతుంది. ఐలాండ్ మీద పెడితే కారు మీకే కాదు, ఊరందరికీ కనిపిస్తూనే ఉంటుంది.

వర్షం మాటకొస్తే నిజంగానే నాకు కాస్త మనసు కరుగుతుంది. పంజాగుట్టలో సాయంత్రం ఏడింటికి వాన మొదలైతే బైకుల వాళ్ళంతా ఫ్లైఓవర్ కిందకి చేరతారు, ముందు ఐలాండ్ గట్టు ఎక్కుతారు, అది నిండాక రోడ్డు మీద ఒక వరస, తర్వాత రెండో వరస, మూడో వరస, చివరికి కార్లకి సరిగ్గా ఒక ఆటో వెడల్పు దారి మిగులుతుంది, అందులో నిజంగానే ఒక ఆటో ఆగి ఉంటుంది. డెలివరీ కుర్రాడు సంచీకి ప్లాస్టిక్ కవర్ కడుతూ అవతల కస్టమర్‌కి ఫోన్లో “సార్ దగ్గర్లోనే ఉన్నా సార్” అంటుంటాడు, పక్కన ఒకామె హెల్మెట్ తీసి జుట్టు పిండుకుంటుంది, వెనకాల కిలోమీటరు పొడవునా తడవని కార్లలో తడవని జనం హారన్లు కొడుతుంటారు. తప్పు బైకోళ్ళదే, ఆ ఇరుకులో వెనక నుంచి ఏదన్నా వచ్చి గుద్దితే పోయేదీ వాళ్ళే. కానీ ఇంత ఊరికి, ఇన్ని లక్షల బైకులకి, వానొస్తే నిలబడే జాగా అంటూ ఎక్కడన్నా కట్టారా అంటే, కట్టలేదు. వ్యంగ్యం కాసేపు పక్కన పెట్టి చెప్తున్నా ఇది, మళ్ళీ మొదలెడతా.

మనది ఐలాండ్ల విషయంలో పాత ఊరు. 1591లో చార్మినార్ కట్టినప్పుడే నాలుగు రోడ్ల మధ్యలో పెట్టారు, నా దృష్టిలో నగరానికి మొదటి ట్రాఫిక్ ఐలాండ్ అదే, ఎత్తు కాస్త ఎక్కువైంది అంతే. దానికి దగ్గర్లోనే గుల్జార్ హౌజ్, మధ్యలో ఫౌంటెన్ పెట్టి చుట్టూ బండ్లు తిప్పే డిజైన్ మనం అప్పుడే పట్టేశాం. చార్మినార్ చుట్టూ ఇప్పుడు బండ్లు తిరగనివ్వట్లేదు, అంటే నాలుగొందల ఏళ్ళకి పైగా ఆగితే ఒక ఐలాండ్‌కి విముక్తి దొరికింది. ఈ లెక్కన దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళు ఓపిక పట్టాలి.

లండన్‌లో కూడా ఒక కథ చెప్పుకుంటారు. 1860ల్లో కల్నల్ పియర్‌పాయింట్ అనే ఆయన రోడ్డు మధ్యలో ఐలాండ్ కట్టించాడట, తన క్లబ్బుకి రోడ్డు దాటి వెళ్ళాలంటే గుర్రబ్బండ్ల భయం. కట్టాక అది ఎంత బాగుందో చూసుకుంటూ నడుస్తుంటే బండొచ్చి గుద్దిందట. నిజమో కాదో గానీ ఇందులో ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడింది, ఐలాండ్ కట్టింది బండ్ల కోసం కాదు, నడిచేవాడి కోసం. పెద్ద రోడ్డుని ఒక్క ఊపులో దాటలేనివాళ్ళు సగం దాటి, అక్కడ నిలబడి ఊపిరి తీసుకుని, మిగతా సగం దాటడానికి.

ఈ సంగతి మన ఊళ్ళో కొంతమంది నడిచేవాళ్ళకి ఎలాగో తెలిసిపోయింది. వాళ్ళతోనే అసలు గొడవంతా. మనం కష్టపడి ఆరంగుళాల గట్టు ఎక్కించి (ఎనిమిది అంగుళాల గ్రౌండ్ క్లియరెన్స్ అని షోరూంలో చెప్పి అమ్మింది మరి దేనికి, ఈ ఊళ్ళో ఎక్కడానికి ఇంకేం కొండలు మిగిలాయని) బండిని జాగ్రత్తగా పెట్టుకుంటే, ఏ అనుమతీ లేకుండా, స్టిక్కర్ లేకుండా, బ్లింకర్లు లేకుండా వచ్చి మన బంపర్ పక్కన నిలబడుతున్నారు. ఒక్కోసారి ఒకామె వస్తుంది, ఒక చేతిలో కూరగాయల సంచీ, ఇంకో చేతిలో స్కూల్ పిల్లోడు. గట్టిగా హారన్ కొట్టినా జరగరు, జరగడానికి జాగా లేదు కదా అంటారు, ఆ జాగా ఎవరిదో వాళ్ళకి ఎవరన్నా చెప్పాలి. కొందరైతే కారు ఆనుకుని నిలబడతారు, పెయింట్ మీద గీతలు పడితే ఎవడు కడతాడు?

అయినా మనం మరీ కఠినంగా ఉండక్కర్లేదు. నా ప్రతిపాదన ఒకటే, ఐలాండ్ మీద బండి పెట్టేవాళ్ళు దిగేటప్పుడు సైడ్ మిర్రర్లు మడిచి వెళ్ళాలి. రెండు కార్ల మధ్య అడుగున్నర దొరుకుతుంది, పక్కకి తిరిగి నడిస్తే మనిషి దూరతాడు. పిల్లాడిని ముందు పంపి, సంచీ నెత్తిన పెట్టుకుంటే ఆమె కూడా దూరుతుంది. చీర కొంగు సైలెన్సర్‌కి తగలకుండా చూసుకునే పని మాత్రం ఆమెదే.