చింపాంజీలకు బొత్తిగా సమయపాలన లేదు

పశ్చిమ ఉగాండాలోని కిబాలే జాతీయ వనంలో చింపాంజీల పనితీరును ఇంకా ఉపేక్షిస్తే లాభం లేదు. విదేశీయుడి దగ్గర తలకు 250 డాలర్లు పుచ్చుకుని ఇచ్చేది గంట దర్శనం. ఆ గంట అవి కనబడ్డాకే మొదలవుతుంది. అంతకుముందు చెట్ల వేళ్ళు తట్టుకుని పడ్డా, బురదలో జారినా లెక్కలోకి రాదు. విఐపి బ్రేక్ లేదు, ఎమ్మెల్యేగారి సిఫారసు లేఖ అక్కడ చెల్లదు.

ఇంత వెతుకులాట ఎందుకయ్యా అంటే, వాటికి స్థిర నివాసం లేదు. సాయంత్రమయ్యేసరికి ఎక్కడుంటే అక్కడే కొమ్మలు వంచి కొత్త గూడు కట్టుకుంటాయి. తెల్లారితే ఖాళీ చేస్తాయి. మేడి జాతి చెట్టేదైనా విరగకాస్తే పెద్ద గుంపుగా అక్కడే మకాం. కాయ లేని రోజుల్లో ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురుగా చెదిరిపోతాయి. దూరంగా కేకలు, చెట్టు మొదళ్ళ మీద దబదబమని దరువు వినిపించగానే గైడు దారి వదిలి పొదల్లోకి దూరతాడు. వెనకాల మీరూ దూరాలి.

అందుకే ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోమంటారు. అందానికి లోటే, కానీ సఫారీ చీమలకు అందం పట్టదు. వాటి బారును ఫోటో తీద్దామని ఆగిన మనిషికి, అవి మోకాలు దాటాక గానీ సంగతి తెలియదు. పీకితే చీమ ఒళ్ళు ఊడి వస్తుంది, దవడలు చర్మంలోనే ఉండిపోతాయి. బారు కనబడితే అంగలేసి దాటేసి, నాలుగడుగులు పోయాకే ఆగాలి. ఇక జారినప్పుడు చేతికందిన మొక్కనల్లా పట్టుకోకూడదు, ముట్టుకుంటే మండే ఆకులు బోలెడు. తోటపని గ్లౌజులు తీసుకెళ్ళినవాళ్ళు బతికిపోతారు.

పైగా మాస్కు పెట్టుకోవాలట, దగ్గు జలుబు ఉంటే అసలు రానే వద్దట. ఎందుకీ మడి? 2013లో ఇదే అడవిలో కన్యావరా అనే చింపాంజీల గుంపుకు రైనోవైరస్-సి సోకింది. మనకు మామూలు జలుబు తెచ్చే రకం. 56 చింపాంజీల్లో 5 చచ్చిపోయాయి. ఇంత సున్నితమైన ఒళ్ళు పెట్టుకుని జనం మధ్యకు రావడం వాటి తప్పే కదా! మనం మాత్రం మాస్కు గడ్డం కిందకు లాగి సెల్ఫీ దిగకుండా ఎలా ఉండగలం?

ఫోటోల విషయంలోనూ సహకారం సున్నా. నల్లటి జంతువు, చీకటి అడవి, వెనకాల తెల్లటి ఆకాశం. ఫోన్‌లో పడేది ఆకుల మధ్య ఒక నల్లమచ్చ. ఫ్లాష్ నిషేధం. కెమెరా వెలుతురును పట్టే శక్తిని, అంటే ఐఎస్‌ఓను, 3200 దాకా పెంచి, ఎక్స్‌పోజర్ ఒక మెట్టు ఎక్కువ పెడితే కళ్ళూ ముక్కూ తేలతాయి. ఇవేవీ తెలియకపోయినా పర్లేదు గానీ, చింపాంజీకి సరిగ్గా కింద మాత్రం నిలబడకండి. పైనుంచి కురిసే ప్రతిదీ వాన కాదు.

ఈ పొగరు భరించలేనివారికి పక్కనే ఊరివాళ్ళు నడిపే బిగోడి చిత్తడినేల ఉంది. అక్కడ ఎర్ర కొలోబస్‌లుంటాయి, మన కొండముచ్చులకు దూరపు చుట్టాలు, ఆకులు మేసుకు బతుకుతాయి. అడవిలో చింపాంజీలు వేటాడి తినేది ఎక్కువగా వీటినే. అయినా ఫిర్యాదులు చేస్తున్నది మాత్రం మనమే.