పోటీ బల్ల మీంచి తీసేసిన పీట

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాల్లో హస్తకళల పోటీ దగ్గర జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. ఏడో తరగతి చదివే అమ్మాయి ఒక చెక్క పీట తెచ్చింది. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి తామరలు, అంచు చుట్టూ మెలికల తీగ. న్యాయనిర్ణేతలు ముచ్చటపడ్డారు కూడా. "ఎలా వేశావమ్మా?" అని అడిగితే, "స్టెన్సిల్ నేనే కోసుకుని వేశానాంటీ" అంది. స్టెన్సిల్ అంటే బొమ్మ ఆకారం కోసి తీసేసిన పల్చటి షీటు, ఆ ఖాళీల్లోంచి రంగు వేస్తారు. అంతే. "స్టెన్సిల్ అంటే చేత్తో గీసినట్టు కాదు కదమ్మా" అని పీట తీసి పక్కన పెట్టేశారు. ఎవరూ కక్షతో చేసింది కాదు, నిబంధనల కాగితంలో ఆ మాట ఉంది. కానీ ఆ పిల్ల మొహం చూశాక నాకు భోజనం సహించలేదు.

నిబంధన వెనకున్న ఉద్దేశం మంచిదే. బజార్లో కొన్న స్టెన్సిల్ మీద రంగు పులిమి బహుమతి పట్టుకుపోతే, చుక్కలు పెట్టి ఓపిగ్గా గీసినవాళ్ళకి అన్యాయం జరుగుతుంది. చుక్కల ముగ్గు మన పిల్లలకి రావాలనే నేనూ కోరుకుంటాను. అయితే స్టెన్సిల్‌లో పనితనం లేదంటే మాత్రం ఒప్పుకోలేను.

మా అమ్మ ఓసారి ధనుర్మాసంలో మా దగ్గరుంది. వాకిట్లో మంచు, ఆవిడకి మోకాళ్ళు వంగవు. ముగ్గు లేని గుమ్మం చూడలేనని రోజూ బాధపడేది. చివరికి వంటింటి బల్ల మీద కూర్చుని కాగితం మీద తామర గీసింది. నేను దాన్ని మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్ షీటు మీదికి ఎక్కించి సన్నకత్తితో కోయబోతుంటే ఆపింది. "ఇక్కడ తెంచకు, ఈ రేకూ ఆ రేకూ కలిసుండనీ" అంది. స్టెన్సిల్ రహస్యమంతా అక్కడే ఉంది. రేకుల మధ్య సన్నటి కట్టు వదలకపోతే పువ్వు మధ్యభాగం ఊడి చేతిలోకొస్తుంది. ఆ కట్లు ఎక్కడుండాలో అమ్మకి ఎవరూ నేర్పలేదు. ఏళ్ళ తరబడి ముగ్గులు వేసిన కన్ను అది. తర్వాత ఓ చెక్క పలక మీద రంగు. మొన చదునుగా ఉన్న కుచ్చు బ్రష్షుకి కాస్తంత రంగు అద్దుకుని, ముందు పాత కాగితం మీద పొడిచి దాదాపు పొడిగా అయ్యాక, నిటారుగా పట్టి తడుతూ వేయాలి. తడి ఎక్కువైతే పల్చటి ముగ్గుపిండిలా పారి అంచు చెదిరిపోతుంది. అమ్మ తొందరపడేది కాదు. ఒక్కో రేకు చివర రంగు చిక్కగా, లోపలికి వచ్చేసరికి పల్చగా తట్టేది. ఆ చెక్క పలక చలికాలమంతా మా గుమ్మం ముందుంది. అది అమ్మ చేతి పని కాదని నాతో ఎవరు చెప్పగలరు?

మన పెద్దలూ అన్నీ చేత్తోనే గీసేవారని అనుకోవద్దు. తిరునాళ్ళలో కొన్న చిల్లుల గొట్టంలో ముగ్గు పోసి గడప ముందు దొర్లిస్తే వరస కట్టిన పువ్వులు పడేవి. మా పెద్దమ్మ పండగ హడావిడిలో అలాగే వేసేది, ఎవరూ తప్పుపట్టలేదు. కలంకారీనే చూడండి. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, పెడనలో చెక్కిన అచ్చులతో అద్దుతారు. రెండింటినీ నెత్తిన పెట్టుకున్నాం. మనం బతుకుతున్న ఈ అమెరికాలోనూ అంతే. 1820ల్లో న్యూ హాంప్‌షైర్‌కి చెందిన మోజెస్ ఈటన్ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి ఇళ్ళ గోడలకి స్టెన్సిల్ పూలు వేశారు. ఆయన స్టెన్సిళ్ళ పెట్టె ఇప్పటికీ భద్రంగా ఉంది. కనెక్టికట్‌లో లాంబర్ట్ హిచ్‌కాక్ కర్మాగారంలో కుర్చీల వీపుల మీద పూర్తిగా ఆరని వార్నిష్‌పై స్టెన్సిల్ పెట్టి కంచుపొడి అద్దేవారు. ఆ కుర్చీలు మ్యూజియంలకెక్కాయి.

ఇంకో సంగతి. మా ఊళ్ళో మగపిల్లాడి చేతికి ముగ్గుగిన్నె ఇచ్చిన ఇల్లు నేను చూడలేదు. ఆడపిల్ల గీత వంకరపోతే మాత్రం మొట్టికాయ పడేది. నిరుడు పిల్లల శిబిరంలో పాత స్టూళ్ళు గరుకుకాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి స్టెన్సిల్ పని పెడితే, మగపిల్లలు బ్రష్షులు వదల్లేదు. వాళ్ళని మళ్ళీ బయటికి పంపేద్దామా?

సంబరాలు నడిపే కార్యవర్గాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను. సొంతంగా గీసి కోసుకున్న స్టెన్సిళ్ళకి వేరే విభాగం పెట్టండి, కోసిన షీటు కూడా వెంట తెమ్మనండి. ఉగాదికి వేదిక వెనక ప్రింటు బ్యానర్ బదులు ప్లైవుడ్ పలకలు పెట్టించండి, పిల్లలూ పెద్దలూ కలిసి రంగులేస్తాం. ఆ పీట వేసిన అమ్మాయిని అంచు తీగ గీయమని పిలవండి. కోయడం నేర్పడానికి నేనొస్తాను. షీట్లు, కత్తులు, బ్రష్షులు నావే.