నీళ్లలో పంట ఒకరిది, ఖాతాలో డబ్బు ఇంకొకరిది

తుపాను వెళ్లిన రెండో రోజు మంత్రులొస్తారు. గట్టు మీద నిలబడి, మొలకలొచ్చిన వరి పనను చేతిలోకి తీసుకుని ఫోటో దిగుతారు. ఆ పన అందించిన మనిషి గోదావరి, కృష్ణా డెల్టాల్లో అయితే చాలాసార్లు కౌలు రైతే. కొన్నాళ్లకు పరిహారం పడినప్పుడు మెసేజ్ మోగే ఫోన్ మాత్రం హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, ఒక్కోసారి డాలస్‌లోనో ఉంటుంది.

పరిహారం ఎంత అన్న గొడవ ఎప్పుడూ ఉండేదే. పంట సగం పోతేనే సాయం అన్న నిబంధనను 2015లో 33 శాతానికి తగ్గించారు. కేంద్రం 2022-26 లెక్కలో నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ 2 హెక్టార్ల వరకే. 2024 సెప్టెంబరు వరదలప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలూ ఎకరాకు 10 వేలన్నాయి. టీవీ చర్చలన్నీ ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి. దాన్ని 20 వేలు చేయండి, అప్పుడు నీళ్లలో నిలబడ్డవాడికి దక్కకుండా పోయేది కూడా రెట్టింపవుతుంది, అంతే.

చట్టం లేదా అంటే ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది, కౌలు రైతుకు 11 నెలలు చెల్లే కార్డు ఇస్తామంది. కానీ దానికి యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడాది ఆ పొలం ఇంకొకరి చేతికెళ్తుందని ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు.

యజమానుల వైపూ ఒక మాట ఉంది. 1956 కౌలుదారీ చట్టం నాటి భయం ఇంకా పోలేదు, కాగితం ఇస్తే పొలం పోతుందేమో అని. కాగితం లేకుండా డబ్బిస్తే బోగస్ పేర్లు చేరతాయని అధికారులంటారు. సరే, ఆ సీజన్లో పొలం గట్టే ఎక్కనివాడు పంట నష్టం డబ్బు తీసుకుంటే దాన్నేమంటారు? అది బోగస్ కాదా?

అసలు ఎవరు సాగు చేస్తున్నారో ప్రభుత్వానికి తెలియదనడమే పెద్ద అబద్ధం. ఆంధ్రప్రదేశ్‌లో ఏ పొలంలో ఏ పంట ఉందో రాసుకునే ఈ-పంట నమోదుకు వ్యవసాయ సహాయకుడు పొలానికే వెళ్తాడు, అక్షాంశ రేఖాంశాలతో సహా ఫోటో తీస్తాడు. విత్తనం ఎవరు చల్లారో, ఎరువు ఎవరు అరువు తెచ్చారో, కోత కూలీ ఎవరిచ్చారో ఊళ్లో చిన్న పిల్లాడూ చెప్తాడు. అన్నీ తెలిసి కూడా చివర్లో వన్‌బీ, అంటే భూమి యజమానుల రికార్డు, తీసి అందులో ఉన్న పేరుకే డబ్బు వేస్తే దాన్ని పొరపాటు అనలేం.

ఇది ఒక్క తుపాను సాయంతో పోయే జబ్బు కాదు. భూమి మనకు బ్యాంకు డిపాజిట్ అయిపోయింది, ప్రభుత్వాలు ఆ డిపాజిట్‌కే వడ్డీ కడుతున్నాయి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పాస్‌బుక్‌నే రైతు అనుకుంది, మరుసటి ఏడాది వచ్చిన పీఎం కిసాన్ కూడా అంతే. ఆ రైతుబంధు తెచ్చిన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే 2023 మార్చిలో వడగళ్లకు పోయిన చేలు చూడ్డానికి వెళ్లినప్పుడు కౌలు రైతులకూ సాయం అందాలన్నారు. పొలంలో నిలబడితే కనబడిన మనిషి సచివాలయంలో కూర్చుంటే ఎందుకు మాయమవుతాడో!

నేనడిగేది పెద్ద సంస్కరణేం కాదు. నష్టం జాబితాలో సర్వే నంబరు పక్కన ఆ సీజన్లో సాగు చేసినవారి పేరు రాసి, డబ్బు వేయడానికి ముందు గ్రామసభలో పైకి చదవండి. తప్పు పేరుంటే ఊరే లేచి చెప్తుంది. దీనికి కొత్త యాప్ కూడా అక్కర్లేదు.