ఆయాసాన్ని వయసు ఖాతాలో వేయకండి

మూడో అంతస్తుకు మెట్లెక్కుతున్న మనిషి రెండో అంతస్తు మలుపులో ఆగుతాడు. జేబులోంచి ఫోన్ తీసి, ఏదో మెసేజ్ వచ్చినట్టు చూస్తాడు. ఒక చెయ్యి కమ్మీ మీదే ఉంటుంది. భుజాలు పైకీ కిందికీ ఆడుతుంటాయి. వెనకాల వచ్చేవాళ్లు దాటిపోయాక ఫోన్ లోపల పెట్టి మళ్లీ ఎక్కుతాడు. అడిగితే 'వయసు మీద పడుతోంది కదా' అంటాడు. ఇంట్లోవాళ్లూ అదే అంటారు. జ్వరానికో, నడుం నొప్పికో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కూడా ఈ సంగతి నోటి వెంట రాదు. చాలా ఊపిరితిత్తుల జబ్బులు ఆ మెట్ల మలుపులోనే ఏళ్ల తరబడి దాక్కుంటాయి.

ఇలా దాక్కోగలగడానికి కారణం ఊపిరితిత్తుల నిర్మాణంలోనే ఉంది. పంటిలో పుచ్చు లోతుకు దిగితే రాత్రంతా నిద్ర ఉండదు. ముల్లు గుచ్చుకుంటే తీసేదాకా తోచదు. ఊపిరితిత్తి లోపలి మెత్తటి భాగంలో మాత్రం నొప్పిని తెలిపే నాడులు లేవు. దాని చుట్టూ ఛాతీ గోడకు అంటుకుని ఉండే పొరకు ఉన్నాయి. జబ్బు అక్కడిదాకా పాకితే గానీ నొప్పి తెలియదు. దీనికితోడు ఊపిరితిత్తులకున్న మిగులు చాలా పెద్దది. కుర్చీలో కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసకు మనం పీల్చేది సుమారు అర లీటరు. నిండుగా పీలిస్తే ఆరోగ్యవంతుడైన మగవాడి ఊపిరితిత్తుల్లో ఆరు లీటర్ల దాకా గాలి పడుతుంది. ఆడవారిలో కొంత తక్కువ. ఆపరేషన్‌లో ఒక ఊపిరితిత్తిని పూర్తిగా తీసేసినా, రెండోది బాగుంటే మనిషి తన పనులు తాను చేసుకోగలడు. నిండు గాదెలోంచి రోజూ గుప్పెడు గింజలు పోతుంటే ఎవరు గమనిస్తారు? అడుగు కనిపించిన రోజునే గుండె గుభేలుమంటుంది.

ఆ గాదె ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూద్దాం. గొంతు దాటిన గాలిగొట్టం రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ రెండేసిగా, అలా సుమారు 23 సార్లు చీలి చివరికి గాలి గదుల్లో ముగుస్తుంది. ఒక్కో గది మిల్లీమీటరులో ఐదో వంతు. మొత్తం గదులు 30 నుంచి 50 కోట్లు. అన్నింటినీ విప్పి పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్లు. గదిలోని గాలికీ, పక్కనే పారే రక్తానికీ మధ్య గోడ మందం ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. తల వెంట్రుక దానికంటే వంద రెట్లు లావు. రక్తం ఆ గోడ పక్కన ఉండేది ముప్పావు సెకను. మొదటి పావు సెకనులోనే ఆక్సిజన్ ఎక్కించుకోవడం అయిపోతుంది. మిగిలిన అర సెకను మనం పరుగెత్తే వేళకు అక్కరకొస్తుంది. ఇక్కడా మిగులే.

ఇంత పని చేసే ఊపిరితిత్తికి గాలిని లాక్కునే సొంత కండ లేదు. కింద గొడుగులా పరుచుకుని ఉన్న డయాఫ్రమ్ దిగితే ఛాతీలో చోటు పెరిగి గాలి లోపలికి వస్తుంది. అది సడలితే, సాగదీసి వదిలిన రబ్బరులా ఊపిరితిత్తి తనంత తానే ముడుచుకుని గాలిని బయటికి పంపుతుంది. పొగ ఏళ్ల తరబడి పాడుచేసేది ఈ ముడుచుకునే గుణాన్నే. గదుల మధ్య గోడలు తెగి, చిన్న గదులన్నీ కలిసి వదులు సంచుల్లా తయారవుతాయి. అప్పుడు పీల్చడం కంటే వదలడమే కష్టం. పాత గాలి లోపల ఇరుక్కుపోతే కొత్త గాలికి చోటెక్కడిది? ఇలా గాలి వదలడం ఏళ్ల తరబడి కష్టమయ్యే జబ్బునే సీఓపీడీ అంటారు. అది వచ్చినవారు పెదాలు సున్నాలా చుట్టి నెమ్మదిగా ఊదుతుండడం చూసే ఉంటారు. ఎవరూ నేర్పకుండానే చాలామంది అలా ఊదుతారు. అలా చేస్తే లోపల నిలిచే ఒత్తిడి సన్నటి గొట్టాలు మూసుకుపోకుండా ఆపుతుంది. అంత కష్టంలోనూ శరీరం తన దారి తాను వెతుక్కుంటుందన్నమాట.

పొద్దున దగ్గు గురించి కూడా చెప్పాలి. శ్వాసనాళాల లోపలి గోడకు కంటికి కనిపించని నూగు ఉంటుంది. అది సెకనుకు పది పన్నెండు సార్లు కొట్టుకుంటూ, దుమ్ము అంటిన కళ్లెను గొంతు వైపు తోస్తుంది. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం. సిగరెట్ పొగ ఈ నూగును మొద్దుబారుస్తుంది. రాత్రి పొగ లేని ఆరేడు గంటల్లో అది కాస్త తేరుకుని, తెల్లవారేసరికి పేరుకున్నదంతా తోయడం మొదలుపెడుతుంది. అదే స్మోకర్ల పొద్దుటి దగ్గు. మానేసిన కొత్తలో కొందరికి దగ్గు పెరుగుతుంది. అది చూసి, మానడమే పడలేదనుకుని మళ్లీ వెలిగిస్తారు. నిజానికి నూగు పనిలోకి దిగిన గుర్తు అది. ఆ కొద్ది వారాలు ఓర్చుకోవాలి. ఊపిరితిత్తులను కడిగేస్తాయంటూ అమ్మే పొడులూ పానీయాలూ చేసేదేమీ లేదు. మింగినవి కడుపులోకి వెళ్తాయి, గాలి గదుల్లోకి కాదు.

ఊపిరితిత్తుల శక్తి ఇరవై, పాతికేళ్ల వయసుకు నిండుకు చేరుతుంది. అక్కడి నుంచి ఏటా కొద్దికొద్దిగా తరుగుతుంది. ఇది అందరికీ ఉన్నదే, వయసు వల్ల వచ్చే తరుగు ఇంతే. ఈ తరుగు ఒక్కటే అయితే సాధారణంగా ఏ యాభై ఏళ్ల మనిషీ రెండో అంతస్తులో ఆగాల్సిన పనిలేదు. పొగ తాగేవారిలో చాలామందికి తరుగు వేగం పెరుగుతుంది. మానేస్తే ఆ వేగం మళ్లీ తాగనివారి స్థాయికి దిగుతుందని, పోయిన శక్తి మాత్రం తిరిగి రాదని 1977లో ఫ్లెచర్, పీటో అనే బ్రిటిష్ పరిశోధకులు చూపించారు. రిచర్డ్ డాల్ బృందం 1951 నుంచి 50 ఏళ్ల పాటు బ్రిటన్ డాక్టర్లనే గమనించి, పొగ తాగడం వల్ల ఆయుష్షులో సగటున పదేళ్లు పోతున్నాయని లెక్కగట్టింది. యాభైలో మానినవారికి అందులో ఆరేళ్లు, అరవైలో మానినవారికి మూడేళ్లు దక్కాయి. 'ఇప్పుడు మానితే ఏం లాభం' అనేవారికి ఇంతకంటే సూటి జవాబు మాకు తెలియదు.

అయితే నింద మొత్తం సిగరెట్ మీద వేసి చేతులు దులుపుకోవడం కూడా అన్యాయమే. జన్మలో పొగ తాగనివారికీ సీఓపీడీ వస్తుంది, ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. మనిషి రోజుకు పది వేల లీటర్లకు పైగా గాలి పీలుస్తాడు. నీళ్లు బాగాలేకపోతే కాచుకుని తాగొచ్చు, గాలిని కాచుకోలేం. రెండున్నర మైక్రాన్ల కంటే సన్నటి ధూళి ఆ నూగును తప్పించుకుని, నేరుగా గాలి గదులదాకా దిగుతుంది. ఈ ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఆ సంస్థ లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో 99 శాతం దాని ప్రమాణాలకు మించి మురికైన గాలినే పీలుస్తున్నారు. 210 కోట్ల మంది ఇంకా కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరోసిన్ మంట మీదే వండుకుంటున్నారు. ఆ పొగలో ఎక్కువసేపు గడిపేది వండే ఆడవాళ్లూ, పక్కనే ఆడుకునే పసివాళ్లూ.

దక్షిణ కాలిఫోర్నియాలో వేల మంది పిల్లలను ఏళ్ల తరబడి పరీక్షించారు. మురికి గాలిలో పెరిగిన పిల్లల ఊపిరితిత్తులు నిండుగా ఎదగలేదు. ఆ తర్వాత అక్కడే చట్టాలతో గాలి శుభ్రపడ్డాక పెరిగిన పిల్లల ఊపిరి మెరుగ్గా ఉందని 2015లో తేలింది. గాలిని బాగుచేయడం ప్రభుత్వాల పని. ఆ పనికి ఫలితం ఒక తరంలోనే పిల్లల ఛాతీల్లో కనిపిస్తుంది. మాస్కులు కట్టుకోండి అని జనానికి చెప్పేసి ఊరుకునే పాలకులను ఈ పత్రిక నిలదీస్తూనే ఉంటుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరి కోసం వైద్యం ఎంత దూరం నడిచిందో చూడండి. గాలి గదుల లోపలి తడి వల్ల గోడలు అతుక్కుపోకుండా సబ్బులాంటి పదార్థం ఒకటి కాపాడుతుంది. దాని పేరు సర్ఫాక్టెంట్. ఊపిరాడక చనిపోతున్న ఆ బిడ్డల్లో అది కొరవడుతోందని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ కనిపెట్టారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీకి ఐదు వారాల ముందే పుట్టిన కొడుకు ప్యాట్రిక్ ఇదే సమస్యతో రెండు రోజులకే కన్నుమూశాడు. 1980లో జపాన్ వైద్యుడు ఫుజివారా బృందం ఆ పదార్థాన్నే మందుగా గొట్టం ద్వారా పిల్లల ఊపిరితిత్తుల్లోకి పంపి బతికించింది. ఈరోజు అలాంటి పిల్లల్లో ఎక్కువమంది ఇంటికి వెళ్తున్నారు.

అంత చేసిన వైద్యం, పెద్దవారి విషయంలో చేతిలో ఉన్న పరికరాన్నే తీయడం లేదు. ఊపిరిని కొలిచే స్పైరోమీటర్‌ను జాన్ హచిన్సన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు 1846లోనే లోకానికి పరిచయం చేశాడు. బీపీ చూడటానికి చేతికి కట్టే పట్టీ వచ్చింది 1896లో. యాభై ఏళ్లు చిన్నదైన ఆ పట్టీ ఇవాళ ఏ క్లినిక్‌కు వెళ్లినా ఉంటుంది. ఊదే పరీక్ష కావాలంటే మాత్రం చాలాచోట్ల పెద్దాసుపత్రిని వెతుక్కోవాల్సిందే. పరీక్షలో కష్టమేమీ లేదు. ముక్కుకు క్లిప్పు పెడతారు. గొట్టం చుట్టూ పెదాలు బిగించాలి. 'నిండుగా పీల్చండి, ఇప్పుడు ఊదండి, ఊదండి, ఆపకండి, ఇంకా, ఇంకా' అని పక్కన ఉన్నవారు అరుస్తూనే ఉంటారు. కనీసం ఆరు సెకన్లు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అలా మూడుసార్లైనా ఊదాలి. ఊదిన మొత్తంలో మొదటి సెకనులో ఎంత వచ్చిందన్నదే అసలు లెక్క. మందు పీల్పించి మళ్లీ ఊదించినా అది 70 శాతానికి చేరకపోతే గొట్టాలు నిలకడగా సన్నబడ్డాయని అర్థం.

ఏ బాధా లేని ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయాలని వైద్య నిపుణులు చెప్పడం లేదు. మేమూ అనడం లేదు. వారాల తరబడి దగ్గు వదలనివారు, ఛాతీలో పిల్లికూతలు వినిపించేవారు, నడిస్తే ఆయాసపడేవారు, వీరిని మందుబిళ్లలిచ్చి పంపేయకుండా ముందు ఊదించాలి. అందుకు ప్రతి ప్రాథమిక ఆసుపత్రిలో ఆ పరికరం, దాన్ని సరిగ్గా చేయించే మనిషి ఉండాలి. రాయి కోసేచోట, గనుల్లో పనిచేసేవారికి పనిలో చేరేముందు ఒకసారి, ఆ తర్వాత క్రమం తప్పకుండా ఈ పరీక్ష, ఎక్స్‌రే చేయించి, కాగితం కార్మికుడి చేతికే ఇవ్వాలి. రాతి ధూళితో వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. తడిపి కోయడం, ధూళిని పుట్టినచోటే లాగేయడం, ఆపగలిగేవి ఇవే. వీటికయ్యే ఖర్చు యజమానిదే.

జబ్బు తేలాక మరో అడ్డు వస్తుంది. ఇన్‌హేలర్ రాశారంటే చాలు, 'అలవాటైపోతుందట' అని ఇంట్లో టెన్షన్ మొదలు. పిల్లలకైతే మరీ, నలుగురిలో తీయనివ్వరు. లెక్క చూడండి. గాలిగొట్టాలను వదులుచేసే సాల్బుటమాల్ బిళ్లలో మందు 2 నుంచి 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక్కో నొక్కుకు 100 మైక్రోగ్రాములు, అంటే ఇరవయ్యో వంతు లేదా అంతకంటే తక్కువ. అది ఒళ్లంతా తిరగకుండా కావాల్సినచోటికే వెళ్తుంది. కాకపోతే వాడే పద్ధతి తెలియాలి. బాగా ఊపి, ఊపిరి వదిలేసి, నెమ్మదిగా పీలుస్తూనే నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. హడావిడిగా నొక్కితే మందంతా గొంతులోనే తగులుతుంది. రాసిచ్చిన డాక్టరు గానీ, నర్సు గానీ ఒకసారి ఎదురుగా చేయించి చూడాలి.

ఆయాసాన్ని అంచనా వేయడానికి వైద్యులు అడిగే ప్రశ్న ఒకటుంది: 'చదునైన దారిలో మీ ఈడువాళ్లతో సమానంగా నడవగలుగుతున్నారా, లేక వెనకబడుతున్నారా?' మెట్ల మలుపులో ఫోన్ తీసే మనిషి మీ ఇంట్లో ఉంటే ఈ ప్రశ్న ఇవాళే అడగండి. వెనకబడుతున్నానంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, వయసు మాట ఎత్తకుండా, ఎన్ని మెట్లకు ఆగుతున్నాడో చెప్పండి.