లింకు డాక్యుమెంట్లు అడగని సాఫ్ట్‌వేర్ రాజధాని

మన హైదరాబాద్‌ని సాఫ్ట్‌వేర్ రాజధాని అంటారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నారు, మనమూ కాదనలేదు. కానీ ఈ రాజధానిలో ఒక లోటు చాలా ఏళ్ళుగా నన్ను తినేస్తోంది. నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకొక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నాడు, కొన్నిట్లో ఇద్దరున్నారు. ఖాళీ కంప్యూటర్ చేతికిచ్చి "బాబూ, ఇందులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించు" అంటే మాత్రం అందరూ మొహం చాటేశారు. ఒకాయన క్లౌడ్ ఆర్కిటెక్టట. "అవన్నీ ఆఫీసులో ఐటీ వాళ్ళు చూసుకుంటారండీ" అన్నాడు. మరి మీరెవరండీ అని అడగబోయి, మెయింటెనెన్స్ కమిటీలో ఉన్నాడని ఊరుకున్నాను.

ఊరంతా బిర్యానీ పండితులే, దమ్ము పెట్టడం వచ్చినవాడు మాత్రం దొరకడు.

అందుకని ఆ భారం నేనే నెత్తికెత్తుకున్నాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పాత థింక్‌ప్యాడ్ కొన్నాను. విండోస్ వద్దు, ఉబుంటూ వద్దు, యూనిక్స్ వంశంలో పుట్టిన ఓపెన్‌బీఎస్‌డీ ఎక్కించాలని తీర్మానించుకున్నాను. దాని గుర్తు ఒంటినిండా ముళ్ళతో బంతిలా ఉబ్బిన చేప. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో వరసకట్టి బతికున్న కొరమీను పిల్లని మింగే ఊరు మనది. ల్యాప్‌టాప్ చేత ఒక చేపని మింగించడం ఎంత పని అనుకున్నాను.

ఇక్కడే మా మావయ్యగారు వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నారు. ఆయన తూర్పుగోదావరి జిల్లాలో రిజిస్ట్రేషన్ల శాఖలో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరయ్యారు. కంప్యూటర్ రాదు. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ కూడా పంపరు. దస్తావేజు చదవడం వచ్చు.

"ఏంటల్లుడుగారూ అది?"

"ఆపరేటింగ్ సిస్టమండీ. ఉచితం."

ఉచితం అనగానే ఆయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. ఊరికే వచ్చిన ఆస్తి వెనకాల ఎక్కడో ఒక దాయాది ఉంటాడని ఆయన సర్వీసు నేర్పిన పాఠం. "అయితే లింకు డాక్యుమెంట్లు చెప్పండి" అన్నారు.

పాఠకులు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఏ ఇంజనీరైనా తన ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారి వచ్చిందో అడిగాడా? అదే మనిషి తెల్లాపూర్‌లో ఫ్లాటు కొనేటప్పుడు ముప్ఫయ్యేళ్ళ లావాదేవీల చిట్టా, అదే ఈసీ, తీయిస్తాడు.

చెప్పాను. మూలపురుషులు బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ. సంవత్సరం 1969. అక్కణ్ణుంచి ఆస్తి కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడి కుర్రాళ్ళు గదులు కలిపి, మేడ లేపి, బీఎస్‌డీ అని పేరు పెట్టారు. ఆ వంశంలో 1993లో నెట్‌బీఎస్‌డీ పుట్టింది. అందులో పొరపొచ్చాలొచ్చి 1995 అక్టోబరులో థియో డి రాట్ అనే ఆయన కెనడాలో వేరు కాపురం పెట్టారు. ఆ కాపురమే ఇది.

"లిటిగేషన్ ఏమన్నా ఉందా?"

దాచడం నా వల్ల కాలేదు. 1992లో ఏటీ అండ్ టీ వారి పిల్ల కంపెనీ ఒకటి, ఈ కోడ్ మాదేనంటూ కోర్టుకెక్కింది. బర్క్‌లీ వాళ్ళని కూడా అందులోకి లాగింది. 1994లో రాజీ కుదిరింది. 18,000 ఫైళ్ళలో తీసేయాల్సి వచ్చినవి 3. ఇంకో 70 ఫైళ్ళకి అవతలివాళ్ళ కాపీరైటు ముక్క తగిలించారు, అంతే.

మావయ్యగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పద్దెనిమిది వేల గజాల వెంచర్లో తగాదా మూడు గజాలా!" అన్నారు చివరికి. "నా సర్వీసులో ఇంత శుభ్రమైన టైటిల్ చూళ్ళేదు. కానివ్వండి."

7.7 వెర్షన్, 2025 ఏప్రిల్‌లో వచ్చింది, దించుకున్నాను. ఏడొందల ఎంబీ అటూ ఇటూగా ఉంది. దారిలో ఎవరూ చెయ్యి పెట్టలేదని తేల్చుకోవడానికి ప్రతి ఫైలుకీ ఒక షా256 లెక్క ఉంటుంది, 64 అక్షరాలు. నేను అందరిలాగే మొదటి నాలుగూ చివరి నాలుగూ చూసి "సరిపోయిందండీ" అన్నాను. ఆయన నన్ను చూసిన చూపు పెళ్ళిలో కూడా చూడలేదు. "సర్వే నంబరు మొదటి అంకే, చివరి అంకే చూసి ముద్ర కొట్టేస్తామా?" స్క్రీన్ మీద గోరు ఆనించి ఒక్కొక్క అక్షరం పైకి చదివారు. నేను అసలు లెక్క రాసుకున్న కాగితంలో టిక్కు పెట్టాను. మధ్యలో మా ఆవిడ టీ తెచ్చింది, అది చల్లారిపోయింది, ఆవిడే తీసుకెళ్ళింది. ఇదంతా ఒక్క ఆజ్ఞతో తేల్చే సిగ్నిఫై అనే పనిముట్టు 2014 నుంచీ ఉంది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

పెన్‌డ్రైవ్ మీదకి రాయడానికి డీడీ అనే ఆజ్ఞ వాడాను. అది ఏ డ్రైవు చెబితే ఆ డ్రైవుని తుడిచేస్తుంది, మారు మాట్లాడదు. మా బావమరిది గృహప్రవేశం వీడియో ఇప్పుడు లేదు. ఆ విషయం ఇంకా ఇంట్లో చెప్పలేదు, ఈ పత్రిక వాళ్ళింటికి రాదని నమ్ముతున్నాను.

ఇక అసలు తంతు. బొమ్మలుండవు, మౌసు ఉండదు. అక్షరాల్లో ప్రశ్న వస్తుంది, దాని పక్కనే చదరపు బ్రాకెట్లో జవాబు రాసి ఉంటుంది. మనం ఎంటర్ కొడితే ఆ జవాబే మనదైపోతుంది. ఇది విదేశీ ఆవిష్కరణ అని లోకం పొరబడుతోంది. మన ఇళ్ళల్లో ప్రశ్నలన్నీ ఇదే పద్ధతిలో అడుగుతారు. భోంచేసి వెళ్తారా? [అవును]. సంబంధం నచ్చిందా? [నచ్చింది]. అబ్బాయికి ఇంజనీరింగేనా? [ఇంజనీరింగే]. ఎంటర్ కొట్టుకుంటూ వచ్చిన జాతి మనది, నేనూ అలాగే వచ్చాను. కీబోర్డు, ఎంటర్. నెట్‌వర్క్, ఎంటర్. మెషీను యజమాని అయిన రూట్ పాస్‌వర్డ్ దగ్గర మాత్రం టైపు చేయక తప్పదు, అదీ గుడ్డిగానే. అక్షరానికో చుక్క కూడా చూపించదు.

టైమ్‌జోన్ దగ్గర చిన్న గొడవైంది. ఆసియా జాబితాలో హైదరాబాద్ లేదు. ఢిల్లీ లేదు, ముంబై లేదు. మొత్తం భారతదేశానికి కోల్‌కతా ఒక్కటే. మావయ్యగారిది కాకినాడ. మన గడియారం లెక్కకట్టే 82.5 డిగ్రీల రేఖాంశం వాళ్ళ ఊరి పక్కనుంచే పోతుందని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నారు. "గీత మా ఊరి పక్కన, పేరు బెంగాల్ వాళ్ళదా?" అని అభ్యంతరం నమోదు చేయమన్నారు. నమోదు చేసే చోటు కనపడలేదు. ఎంటర్ కొట్టాను.

తర్వాత డిస్కు విభజన. ఇక్కడ ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. నన్నడిగితే, హైదరాబాద్‌లో కంప్యూటర్ చదువు ఈ అధ్యాయంతోనే మొదలవ్వాలి, ఎందుకంటే లేఅవుట్ అన్న మాట వింటే నిద్రలోంచి లేచే జనం మనం. 240 జీబీల డిస్కుని ఆయన 240 సెంట్లుగా నోట్ చేసుకున్నారు. ఏ అనే ముక్క పేరూ రూటే, సిస్టమ్ పునాది, ఒక సెంటు. బీ అనేది స్వాప్, ర్యామ్ చాలనప్పుడు సామాను పడేసే అటక. డీ అనేది టెంప్, మెషీను మళ్ళీ మొదలైనప్పుడల్లా ఖాళీ చేయిస్తారు కాబట్టి అది అద్దెవాళ్ళ వాటా. లాగులు, అంటే మెషీను రోజూ రాసుకునే చిట్టాలు, పేరుకునేది వార్‌లో. మనం ఉండేది హోమ్‌లో, పెద్ద వాటా దానిదే.

"ఇన్ని గోడలెందుకు? ఒకే హాలు వేసుకోవచ్చుగా?"

"వానలకి నాలా పొంగితే సెల్లార్ మునుగుతుంది గానీ హాల్లోకి నీళ్ళు రాకూడదు కదండీ. లాగులు పొంగినా వార్ వరకే నిండుతుంది, రూట్ మునగదు."

తృప్తిపడ్డారు. అంతలో ఆయన వేలు సీ దగ్గర ఆగింది. "ఏ తర్వాత బీ, బీ తర్వాత డీ అన్నారు. సీ ఏదీ?"

"సీ అంటే మొత్తం డిస్కండీ."

"మొత్తం స్థలం ఒకడి పేర రాసి, మళ్ళీ ముక్కలు చేసి ఇంకోళ్ళ పేర్లా? డబుల్ రిజిస్ట్రేషన్ అల్లుడుగారూ ఇది! దీనికి లోపలేస్తారు!"

సీ ఎవరి వాటా కాదనీ, ఎల్లలు తెలియడానికే ఉందనీ, అందులో ఎవరూ కాపురం ఉండరనీ నచ్చజెప్పేసరికి సాయంత్రమైంది. "అయితే గ్రామ పటం అని చెప్పాలి గానీ" అని కసిరి శాంతించారు.

ఆ తర్వాత అసలు సరుకు దించడం. మూటలు పదకొండు, మూడు కెర్నెళ్ళు (సిస్టమ్ గుండెకాయలు), ఎనిమిది కుదించి కట్టిన టీజీజెడ్‌లు. బేస్77 ఇల్లు. కాంప్77 కంపైలర్, అంటే మేస్త్రీ సామాను. మ్యాన్77 వాడుక పుస్తకం. గేమ్77 ఆటలు. ఎక్స్ అక్షరంతో మొదలయ్యే నాలుగూ కిటికీలూ రంగులూ. "మూటలు ఎక్కడున్నాయి?" అంది. డిస్కు అన్నాను. "ఆ డిస్కు ముందే మౌంట్ చేసి ఉందా? [అవును]". అలవాటుగా ఎంటర్ కొట్టాను. మౌంట్ అంటే సిస్టమ్‌కి తగిలించడం, అది చేసి లేదు. మూటలు దొరకలేదంది. మళ్ళీ మొదటికొచ్చాను, మళ్ళీ ఎంటర్ కొట్టాను. మూడోసారి మావయ్యగారు నా మణికట్టు పట్టుకున్నారు. "ప్రశ్న చదవండి. జవాబు కాదు."

చదివి, కాదు అని టైపు చేశాను. వెంటనే ఇంకోటొచ్చింది. "ఈ డైరెక్టరీలో సంతకాల ఫైలు లేదు. తనిఖీ లేకుండా ముందుకెళ్ళమంటారా? [వద్దు]".

మామూలుగా ఎక్కించినప్పుడు, బయటినుంచి దూరగలిగే కన్నాలు చాలా ఏళ్ళలో రెండే రెండు బయటపడ్డాయని చెప్పుకునే సిస్టమ్ ఇది. అది ఈసీ లేకుండా రిజిస్ట్రేషన్ చేసేయమంటారా అని అడుగుతోంది. నా వేలు ఎంటర్ మీదే ఉంది. మావయ్యగారు అద్దాలు పైకి తోశారు.

"అవును అని కొట్టండి."

"తనిఖీ లేకుండానా?"

"తనిఖీ ఎందుకు లేదు? పొద్దున్న అరవై నాలుగక్షరాలూ చదివాం కదా. దానికి తెలీదు గానీ మనకి తెలుసు."

కొట్టాను. మూటలు గడగడా దిగాయి. ఆ క్షణాన నాకొక ప్రజాహిత ప్రతిపాదన తట్టింది, ప్రభుత్వం పరిశీలించాలి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఫ్యాకల్టీని తీసేసి, రిటైరైన డాక్యుమెంట్ రైటర్లని కూర్చోబెట్టాలి. కోర్సు నలభై ఐదు రోజులు. మొదటి నెలంతా విద్యార్థి ఎంటర్ మీటకి ప్లాస్టర్ అంటించాలి. ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని బోర్డు పెట్టుకోవచ్చు, ఇప్పుడు పెట్టుకుంటున్నదీ అదేగా.

అభినందనలు అని స్క్రీన్ మీద పడింది. మా ఇంట్లో కంప్యూటర్ ఎవరినైనా అభినందించడం అదే మొదలు. అయినా వైఫై రాలేదు. దాని చిప్పుకి ఫర్మ్‌వేర్ అనే లోపలి సాఫ్ట్‌వేర్ కావాలి, లైసెన్సు చిక్కుల వల్ల అది మూటల్లో ఉండదు, ఇంటర్నెట్‌లోంచి దించుకోవాలి. ఇంటర్నెట్ కావాలంటే వైఫై రావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. ఫోనుని తీగతో ల్యాప్‌టాప్‌కి కట్టి ఆ పెళ్ళి జరిపించాను.

రాత్రి పదింటికి రూట్‌గా లోపలికి అడుగు పెట్టాను. నీకో ఉత్తరం వచ్చింది అని కనపడింది. ఇంకా ఎవరికీ చెప్పని ఇంటికి ఉత్తరం ఎవరు రాశారా అని తెరిచాను. థియో డి రాట్ పేరుతో స్వాగతం.

"ఎవరాయన?"

"కెనడాలో వేరు కాపురం పెట్టారని చెప్పానే, ఆయనేనండీ. ఎక్కించిన ప్రతివాళ్ళకీ ఈ ఉత్తరం ఉంటుంది."

మావయ్యగారు లేచి నిలబడ్డారు. "ఇచ్చినవాడు స్వయంగా ఉత్తరం రాశాడు. మన బిల్డరు తాళాలిచ్చి మూడేళ్ళయింది, ఫోనెత్తడు. ప్రింటు తీయండి, ఫైల్లో పెడదాం."

ప్రింటర్ ఇంకా కలపలేదని చెప్పాను. ఆయనేమీ అనలేదు. లోపలికెళ్ళి ఠావు కాగితమూ పెన్నూ తెచ్చుకుని, ఎడమ పక్క మార్జిన్ మడిచి, స్క్రీన్ చూస్తూ నకలు రాయడం మొదలెట్టారు.