తినమనేదీ వారే, తినొద్దన్నామనేదీ వారే!

అడవిలో కనిపించిన పుట్టగొడుగును ఫోన్‌తో ఒక్క ఫొటో తీస్తే చాలు, అది ఏ జాతిదో, తినదగినదో కాదో క్షణాల్లో తేల్చేస్తామని ఊదరగొడుతున్న యాప్‌లు, ‘మా ఫలితాన్ని నమ్ముకుని ఏదీ తినవద్దు’ అనే మాటను నిబంధనల అట్టడుగున రాసిపెట్టుకుంటున్నాయి. ప్రకటనలో అభయం, నిబంధనల్లో పలాయనం! ప్రాణాలు తీసే పదార్థం విషయంలో ఈ రెండు నాల్కల ధోరణిని ఉపేక్షించడం ఎంతమాత్రం తగదు.

ప్రకృతి పట్ల ఆసక్తిని ఇవి పెంచుతున్నాయని, తినే బాధ్యత తినేవారిదేనని కొందరు వాదిస్తున్నారు. ఆసక్తి కోసమే అయితే పేరు చెప్పి ఊరుకోవచ్చు. పక్కన ‘తినదగినది’ అన్న ముద్ర ఎందుకు? 2023లో ఆస్ట్రేలియా పరిశోధకులు 78 నమూనాల ఫొటోలతో మూడు యాప్‌లను పరీక్షించగా, వాటిలో మెరుగైనది సైతం సరిగా గుర్తించినవి 49 శాతమే. మిగిలిన రెండూ 35 శాతం దగ్గరే ఆగిపోయాయి.

ఫొటో ఎందుకు చాలదో తెలియాలంటే డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగును, అంటే ‘అమనీటా ఫాలాయిడిస్’ను చూడాలి. ప్రపంచంలో పుట్టగొడుగుల విషంతో సంభవించే మరణాల్లో అత్యధికం దీని వల్లే. గొడుగు సాధారణంగా లేత ఆకుపచ్చ, పసుపు ఛాయల్లో ఉంటుంది గానీ ఒక్కోసారి దాదాపు తెల్లగానూ ఉంటుంది కనుక రంగును నమ్మలేం. కాడ చుట్టూ ఉంగరంలా వేలాడే పల్చని పొర వానకు రాలిపోవచ్చు. అసలు ఆనవాలు కాడ మొదట్లో ఉండే సంచి లాంటి తొడుగు; అది చాలాసార్లు మట్టిలోనో, రాలిన ఆకుల కిందో దాగి ఉంటుంది. కాడను పైకి కోసి తెచ్చుకున్నవారు ఆ సాక్ష్యాన్ని నేలలోనే వదిలి వస్తారు. పైనుంచి తీసిన ఫొటోకు అది చిక్కనే చిక్కదు. ఇంకా విచ్చుకోని దశలో గుడ్డులా ఉండే డెత్ క్యాప్‌ను, అదే రూపంలో ఉండే, తినదగిన వరిగడ్డి పుట్టగొడుగుగా పొరబడినవారు ఎందరో. విచ్చుకున్న గొడుగును కాగితంపై కొన్ని గంటలు ఉంచితే డెత్ క్యాప్ నుంచి తెల్లటి సిద్ధబీజాలు (పొడిలా రాలే స్పోర్లు), వరిగడ్డి పుట్టగొడుగు నుంచి గులాబీ ఛాయ సిద్ధబీజాలు రాలుతాయి. ఈ పరీక్షను ఏ ఫొటో చేయగలదు?

తరువాతి ముప్పు ఇంకా దారుణం. వండినా, ఎండబెట్టినా, గడ్డకట్టించినా ఇందులోని అమటాక్సిన్లు అనే విషపదార్థాలు నశించవు. తిన్న తరువాత సాధారణంగా 6 నుంచి 24 గంటల వరకు ఏ లక్షణమూ కనిపించదు. ఆపై తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలై, అవి తగ్గి కోలుకున్నట్లే అనిపిస్తుంది. సరిగ్గా ఆ సమయంలోనే కణాల్లో ప్రొటీన్ల తయారీకి ఆధారమైన ఎంజైమ్ స్తంభించి కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో డెత్ క్యాప్ విషానికి గురైన 14 మందిలో ముగ్గురికి కాలేయ మార్పిడి చేయాల్సివచ్చింది. ఇంత ఆలస్యంగా బయటపడే విషానికి యాప్ ముందే ‘తినదగినది’ అని యోగ్యతాపత్రం ఇచ్చి ఉంటే, రోగి నిన్నటి పుట్టగొడుగును అనుమానిస్తాడా? వైద్యుడికి చెబుతాడా? ఆసుపత్రికి చేరాల్సిన విలువైన గంటలు ఆ ముద్ర వల్లే చేజారిపోతాయి. అప్పుడు మాత్రం కంపెనీ తన నిబంధనల ప్రతిని తీసి చూపుతుంది!

వెండి చెంచా నల్లబడితేనే విషమని, పురుగులు తింటే మనుషులూ తినవచ్చని పూర్వం నమ్మేవారు. రెండూ తప్పే, కాకపోతే ఆ నమ్మకాలు చందా వసూలు చేయలేదు. కృత్రిమ మేధతో వండి వార్చిన పుట్టగొడుగుల పుస్తకాలు ఆన్‌లైన్ అంగళ్లలో వెలిసినప్పుడు, వాటిని నమ్మితే ప్రాణాలే పోవచ్చని పుట్టగొడుగులను అధ్యయనం చేసే న్యూయార్క్ మైకలాజికల్ సొసైటీ 2023లోనే హెచ్చరించింది. యాప్‌లను ఇలాగే వదిలేస్తే, అమ్మేటప్పుడు నిపుణుడి వేషం, నష్టం జరిగాక ప్రేక్షకుడి వేషం కట్టడమే ఈ వ్యాపారానికి ఆనవాయితీ అవుతుంది.

కాబట్టి యాప్‌ల దుకాణాలను నడిపే సంస్థలు, వాటిపై అజమాయిషీ ఉన్న ప్రభుత్వాలు ఒక్క షరతు పెట్టాలి: ‘తినవద్దు’ అన్న వాక్యాన్ని ఫలితం పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో చూపాలి, లేదా ‘తినదగినది’ అన్న మాటను పూర్తిగా తొలగించాలి. అలా చేస్తే తమ యాప్‌ను ఎవరు కొంటారని కంపెనీలు అడగవచ్చు. ఆ ప్రశ్న వేయడమంటే, తాము ఇన్నాళ్లూ దేన్ని అమ్ముకుంటున్నారో తామే ఒప్పుకోవడం.