కాడ్ కోటాలో బేరమెందుకు?

నార్వే, రష్యాలకు ఉత్తరాన ఉన్న బారెంట్స్ సముద్రంలో 2013లో కాడ్ చేపల కోటా, అంటే ఏడాదికి పట్టుకోనిచ్చే పరిమితి, 10 లక్షల టన్నులు. 2026కు నార్వే, రష్యా ఖరారు చేసుకున్నది 2,85,000 టన్నులు. ప్రపంచంలోకెల్లా పెద్ద కాడ్ నిల్వ ఉన్న చోట ఇంత పతనానికి ప్రకృతిని మాత్రమే తప్పుపట్టి ఊరుకోలేం.

ప్రకృతి పాత్ర లేదని కాదు. కొన్నేళ్లుగా పిల్ల చేపలు తగినన్ని ఎదిగిరావడం లేదు. కాడ్‌కు ముఖ్యమైన మేత అయిన క్యాపెలిన్ అనే చిన్న చేప ఎంత తగ్గిందంటే, 2025లో దాని వేటనే ఆపేశారు. అయితే కోటాల చరిత్ర కూడా చూడాలి. 2021లో 7,38,000 టన్నుల నుంచి 8,85,600కు పెంచారు. ఆ మరుసటి ఏడాది నుంచి వరసగా మూడేళ్లు 20 శాతం చొప్పున కోశారు. ఏడాదికి అంతకు మించి మార్చకూడదన్నది మామూలు రోజులకు పెట్టుకున్న నియమం. ట్రాలర్ల యజమానులకు, ప్రాసెసింగ్ ప్లాంట్లకు నిలకడ ఉండాలని దాని ఉద్దేశం. చేపలు తగ్గిపోతున్న కాలంలో మాత్రం అది కోతకు బ్రేకు వేసింది. చివరికి నియమాన్ని దాటక తప్పలేదు.

అప్పుడైనా శాస్త్రవేత్తల మాట విన్నారా? 2025కు 3,11,587 టన్నులు మించొద్దంటే 3,40,000 రాసుకున్నారు. 2026కు 2,69,440 అంటే 2,85,000 అన్నారు. కూరగాయల బేరంలా చెరికొంత తగ్గి తేల్చుకునే అంకెలా ఇవి? కోటా తగ్గి ధర పెరగడంతో చేపలు పట్టేవారికి దెబ్బ ఇంకా పూర్తిగా తెలియడం లేదు. ఉత్తర నార్వే ప్లాంట్ల కార్మికులకు, బ్రిటన్‌లో ఫిష్ అండ్ చిప్స్ అమ్ముకునేవారికి బాగానే తెలుస్తోంది. కాడ్ నిల్వ కుప్పకూలాక న్యూఫౌండ్‌లాండ్‌లో 1992లో కెనడా విధించిన కాడ్ వేట నిషేధం తొలగడానికి 2024 వరకూ పట్టిందన్న సంగతి నార్వే, రష్యాలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఒక విషయంలో మాత్రం వీటిని మెచ్చుకోవాలి. పిల్ల కాడ్ ఎక్కువగా రష్యా వైపు పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి నార్వేలోని లోఫోటెన్ దీవులకు వస్తుంది. ఏ ఒక్కరూ దాన్ని విడిగా కాపాడలేరు. అందుకే 1970ల మధ్యలో మొదలైన, కోటాలు తేల్చే ఉమ్మడి కమిషన్ ప్రచ్ఛన్న యుద్ధంలోనూ ఆగలేదు, ఉక్రెయిన్ యుద్ధంలోనూ ఆగలేదు. 2022లో అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి రష్యాను పక్కన పెట్టాక, ఇరు దేశాల శాస్త్రవేత్తలే కూర్చుని లెక్కలు తేలుస్తున్నారు. 2025లో రెండు రష్యన్ చేపల కంపెనీలపై నార్వే ఆంక్షలు పెట్టింది. తమ జలాల్లోకి నార్వే ఓడలను రానివ్వబోమని రష్యా బెదిరించింది. అయినా డిసెంబరులో ఒప్పందం కుదిరింది.

భద్రత కోసం నార్వే ఆంక్షలు పెట్టడం దాని హక్కు. కానీ ఆ గొడవ చేపల నిల్వను లెక్కించే సర్వే ఓడల దాకా రాకూడదు. సరిహద్దుకు అవతల ఎన్ని చేపలున్నాయో తెలియకుండా కోటా లెక్క వేయడం గుడ్డిగా వల విసరడమే. ఇక 2027 కోటాపై కమిషన్ కూర్చున్నప్పుడు శాస్త్రవేత్తలు ఇచ్చిన అంకెపై ఒక్క టన్ను కూడా కలపకూడదు. నిల్వ కోలుకునేదాకా ఆ షరతును నార్వే, రష్యా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.